ఆసుపత్రి కాన్పులు: మన తల్లుల మాట

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమని అడుగుతారు. ఉర్దూ మీడియం బడిపంతులు ఇంకేం మాట్లాడతాడని కాబోలు. ఈసారి కూడా కార్యదర్శిగారు అదే విషయం ఇచ్చారు. మేము వారి వద్దకు పోయి విషయం మార్చుకొనుటకు అనుమతి కోరాము. ఏం విషయం అని అడిగారు. జచ్గీ అన్నాము. వారు కొంచెంసేపు మా ముఖం వైపు చూసి, "మాస్టర్ సాబ్, అది మగవాళ్ళు సభలో మాట్లాడే మాటేనా?" అన్నారు. మగవాళ్ళు మాట్లాడకపోవటం వల్లనే ఈ సంగతి ఇంతవరకు వచ్చిందని మా అభిప్రాయం. కార్యదర్శిగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు, వారికి మా షుక్రియా.

ఈ విషయంలో మాకేం తెలుసునని మీకు అనుమానం రావటం సహజం. మేము డాక్టరము కాము. కానీ మా మొహల్లాలో ఎవరికి ఆసుపత్రి కాగితం వచ్చినా చదివి చెప్పమని మా ఇంటికి తెస్తారు. డిశ్చార్జి కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, రక్తపరీక్ష కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది, మందుల చీటీ ఏ భాషలో ఉంటుందో రాసిన డాక్టరుకే తెలియాలి. మేము వరండాలో కూర్చుని చదువుతుంటే బాలెంతరాలు తలుపు చాటున నిలబడి వింటుంది. కార్డులో ఎప్పుడూ ఒకే మాట: కాన్పు సక్రమంగా జరిగినది, తల్లీ బిడ్డా క్షేమం. మేము చదవటం అయిపోయిన తరువాత ఆ అమ్మాయి మొదలుపెడుతుంది. కార్డులో లేనివన్నీ అప్పుడు బయటికి వస్తాయి. మాకు చెప్పలేనివి లోపల మా ఇంటావిడకు చెప్పుకుంటారు. ఇట్లా ఏళ్ళ తరబడి విన్నవే ఈ రోజు మీ ముందు పెట్టదలచుకున్నాము. ఎవరి పేరూ చెప్పము, ఏ ఆసుపత్రి పేరూ చెప్పము. ఒక నర్సునో ఒక ఆయానో రచ్చకీడ్చటం మా ఉద్దేశం కాదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలసియున్నది. ఇది విని ఎవరైనా "చూశారా, అందుకే ఇంట్లో దాయిని పిలిపించుకోవటమే మేలు" అనుకుంటే మా ప్రసంగం అంతా వృథా. మా నానీ పల్లెటూర్లో కాన్పులోనే పోయింది. అప్పటికి మా అమ్మీకి నాలుగేళ్ళు. తల్లి ముఖం గుర్తులేదు గానీ, ఆ రాత్రి బండి కట్టటానికి ఎడ్లు దొరకలేదని పెద్దలు చెప్పుకున్న మాట మాత్రం అమ్మీ చనిపోయేదాకా చెబుతూనే ఉండింది. అమ్మీకి ఏడు కాన్పులు, ఏడూ ఇంట్లోనే, ఒకే దాయి చేతి మీద. అందులో ఇద్దరు దక్కలేదు. ఆ దాయి మంచి మనిషి, చేతి గుణం గల మనిషి అని అమ్మీ చెప్పేది. మంచితనం రక్తస్రావాన్ని ఆపలేదు కదా.

ఈ దుఃఖం పేదలకే పరిమితం కాలేదు. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రి పేరు వినని తల్లి ఉండదు. అది ఎట్లా వచ్చిందో పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. ఏడవ నిజాం రెండవ కోడలు, మొజంజాహీ మార్కెట్టు ఎవరి పేరున ఉన్నదో ఆ నవాబుగారి బేగం, టర్కీ రాజవంశపు ఆడపడుచు నిలోఫర్. ఆమె దగ్గర రఫతున్నీసా బేగం అనే పనిమనిషి ఉండేది. 1949లో ఆ రఫతున్నీసా కాన్పులో చనిపోయింది. రాజమహలులో పనిచేసే మనిషికి కూడా సమయానికి వైద్యం అందలేదు. నిలోఫర్ ఆ దుఃఖం మరచిపోలేక ఆడవాళ్ళకు, పిల్లలకు ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టింది. 1953లో ఆసుపత్రి వెలసింది. ఆ రోజుల్లో దానిలో కాన్పులు పోసుకున్న మన తల్లులెందరో. వాళ్ళెవరికీ రఫతున్నీసా పేరు తెలిసి ఉండదు.

అక్కడి నుండి చాలా దూరం వచ్చాము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి, ఆంధ్రలో 96.5, దేశం మొత్తం మీద 88.6. 2018-20 లెక్కలలో లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోగా, తెలంగాణలో 43, ఆంధ్రలో 45. మా నానీ కాలంతో పోల్చితే ఇది ఎంత అదృష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆసుపత్రికి పోవాలి, పోయి తీరాలి. ఇందులో రెండో మాట లేదు.

అయితే "బతికి వచ్చారు కదా, ఇంకేం కావాలి?" అని అడిగేవాళ్ళు మనలో ఉన్నారు. మేమూ ఒకప్పుడు అట్లాగే అడిగాము. ఆ సంగతి చెప్పకుండా ఇతరుల సంగతి చెప్పటం న్యాయం కాదు.

2009లో మా ఇంటావిడకు మొదటి కాన్పు. రాత్రి పదింటికి నొప్పులు మొదలైతే ఆటోలో తీసుకుపోయాము. మా అమ్మీ వెంట వచ్చింది. లేబర్ రూం తలుపు దగ్గర అమ్మీని ఆపేశారు. "ముసలమ్మా, నువ్వు బయట కూర్చో" అన్నారు. మా ఆవిడ చదువు ఉర్దూలో ఐదో తరగతి, తెలుగు బజారులో కూరగాయలు కొనేంత వచ్చు. మర్నాడు ఉదయం తొమ్మిది దాటిన తరువాత గానీ బిడ్డ పుట్టలేదు. ఆ పదకొండు గంటలు లోపల ఆమె ఒక్కతే. మేము గేటు బయట టీ కొట్టు దగ్గర. రెండుసార్లు టీ తాగాము, ఫజర్ నమాజుకు మసీదుకు వెళ్ళి వచ్చాము. మగవాళ్ళ పని అంతేననుకున్నాము.

లోపల ఏం జరిగిందో మాకు మూడేళ్ళకు తెలిసింది. రెండో కడుపు నిలిచిన తరువాత ఒక రాత్రి ఆమె మా దగ్గర కూర్చుని, "ఈసారి నేను ఆసుపత్రికి రాను. ఇంట్లోనే దాయిని పిలిపించండి. చస్తే ఇంట్లోనే చస్తాను" అన్నది. మేము కోప్పడ్డాము. చదువుకున్నవాడి భార్యవై ఇట్లా మాట్లాడతావా అన్నాము. అప్పుడు ఆమె చెప్పింది.

బురఖా తీయించారు. అది తీయవలసిందే, దానికి ఆమె ఏడవలేదు. ఇచ్చిన గౌను ముందు కట్టుకుంటే వెనక తెరిచి ఉండేది, వెనక కట్టుకుంటే ముందు. మంచాల మధ్య తెర లేదు. తలుపు తీసే ఉంది, బయట వరండాలో వార్డు బాయిలు తిరుగుతున్నారు. దాహమని అడిగితే నీళ్ళు ఇవ్వలేదు. నొప్పికి అరిస్తే తొడ మీద చరిచారు. మొగుడి దగ్గర పడుకున్నప్పుడు తెలియలేదా అన్నారు. ఈ సభలో ఈ మాట అనవలసి వచ్చినందుకు తల్లులు క్షమించాలి. కానీ ఈ మాట వినని బాలెంతలు మన మొహల్లాలో ఎంతమంది ఉన్నారో పరదా ఆవల ఒకరినొకరు అడిగి చూసుకోండి. "ఏం చెబుతున్నారో నాకు సగం అర్థం కాలేదు, తిట్టు మాత్రం అర్థమయింది" అన్నది మా ఆవిడ. బిడ్డ పుట్టిన తరువాత ఆడో మగో చెప్పకుండా తీసుకుపోయారు. బిడ్డ ఏడుపు దూరంగా వినపడుతూ ఉంటే, అది తన బిడ్డేనా పక్క మంచం వాళ్ళదా అని ఆలోచిస్తూ పడుకున్నదట.

ఆ సమయంలో బిడ్డ ఎక్కడున్నాడో మాకు తెలుసు. తలుపు దగ్గర ఆయా చేతిలో ఉన్నాడు. మగపిల్లవాడు కాబట్టి మిఠాయి డబ్బులు ఐదు వందలు అడిగింది, ఆడపిల్లయితే మూడు వందలట. మేము సంతోషంతో ఇచ్చాము. అజాన్ చెప్పాము, చుట్టాలకు ఫోన్లు చేశాము. తల్లి ఎట్లా ఉందని అడిగామో లేదో మాకు గుర్తు లేదు. మా ఆవిడకు గుర్తుంది. అడగలేదట.

రెండో కాన్పు సంగతి. ఆమెకు రక్తం తక్కువ. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. ఎనిమిది ఉన్న మనిషి ఇంట్లో కాన్పు పోసుకుంటే, రక్తం పోవటం మొదలైతే, ఏమవుతుందో మా నానీని బట్టి మాకు తెలుసు. ఎంత చెప్పినా ఆమె వినలేదు. తొమ్మిదో నెల వచ్చింది. మా భయం ఏ స్థాయికి వచ్చిందంటే, దొంగచాటుగా దాయి ఇంటికి పోయి, మా ఇంటికి రావద్దని బతిమాలుకున్నాము. చివరకు మా పెద్ద ఆపా వచ్చి కూర్చుని, "నేను నీతో లోపలికి వస్తాను. నన్ను రానివ్వకపోతే ఇద్దరం తిరిగి వచ్చేద్దాం" అన్నది. ఆ మాట మీద కదిలింది.

2013లో వేరే ఆసుపత్రిలో చేర్పించాము. అక్కడి డాక్టరమ్మకు ఆపా విషయం చెప్పింది, మొదటి కాన్పు సంగతి కూడా చెప్పింది. ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, చేతులు కాళ్ళు కడుక్కొని రమ్మన్నది. అప్పటికి ఏ ఉత్తర్వూ లేదు. అది ఆ డాక్టరమ్మ మంచితనం. ఆపా లోపల ఏం చేసిందని అడిగాము. ఏమీ చేయలేదట. నడుం రాసింది, చెంచాతో నీళ్ళు పోసింది, చేయి పట్టుకుని అటూ ఇటూ నడిపించింది, డాక్టరు చెప్పింది ఉర్దూలో చెప్పింది, మా ఆవిడ చెప్పింది తెలుగులో చెప్పింది. ఆపా చున్నీ అడ్డం పెట్టి తెర చేసిందట. నొప్పులు మొదటిసారి లాగానే వచ్చాయి. కానీ ఈసారి మా ఆవిడ బయటికి వచ్చిన తరువాత ఆకలి అన్నది, బిడ్డను ఎత్తుకుని నవ్వింది. మొదటిసారి నెల రోజుల దాకా ఆ నవ్వు మేము చూడలేదు. చూడలేదని కూడా అప్పుడు గమనించలేదు.

మా ఇంటి సంగతి పెద్దగా చెప్పాము, మన్నించాలి. ఇతరులవి క్లుప్తంగా చెబుతాము.

2019లో ఒక పెళ్ళికూతురు, పెళ్ళికూతురని ఎందుకంటున్నామంటే ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, తన అత్తగారితో కార్డు పట్టుకుని వచ్చింది. కాన్పయి ఎనిమిది నెలలు. పొత్తికడుపులో నొప్పి. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పమన్నారు. మేము పాత కార్డు చూస్తుంటే మూలన పి.పి.ఐ.యు.సి.డి. అని రాసి ఉంది. ఆ అక్షరాలేమిటో మాకూ తెలియదు. మా బడి దగ్గరి మందుల దుకాణం కుర్రవాడిని అడిగాము. కాన్పు కాగానే లోపల అమర్చే కాపర్-టీ అన్నాడు. ఆ అమ్మాయికి తెలియదు. భర్తకు తెలియదు. అత్తగారికి తెలియదు. తలుపు చాటున నిలబడిన ఆడపిల్లకు ఆమె ఒంట్లో ఏమున్నదో బడిపంతులు వరండాలోంచి చెప్పవలసి వచ్చింది. మేము ఆ సాధనాన్ని తప్పు పట్టటం లేదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య వ్యవధి ఉండటం తల్లి ఒంటికి మంచిదని డాక్టర్లందరూ చెబుతారు, అది పనికొచ్చే సాధనమే, వద్దనుకుంటే తీయించుకోవచ్చు. కానీ పెట్టేముందు అడగాలి కదా. అడిగామనీ, సంతకం ఉందనీ అంటారు. ఉంది. నొప్పులలో ఉన్న మనిషి చేత, ఆమెకు రాని భాషలో, నాలుగు కాగితాల మీద ఒకేసారి పెట్టించుకున్న సంతకం. ఉర్దూలో చేసింది పాపం, అందంగా.

ఇంకొకామెకు కోత వేసి కుట్లు వేశారని ఇంటికి వచ్చి స్నానం చేసేదాకా తెలియదు. ఇంకొకామె, ముగ్గురు ఆడపిల్లల తల్లి, నాలుగో కాన్పులో కూడా ఆడపిల్లే అని చెప్పి నర్సు నాలుక చప్పరించిందట. ఆ చప్పుడే తన చెవిలో ఇంకా ఉన్నదన్నది. అత్తగారు అంతకంటే పెద్ద చప్పుడు చేసింది, అది వేరే సంగతి.

ప్రైవేటు నర్సింగు హోములలో తిట్లు ఉండవు. తెర ఉంటుంది, ఏసీ ఉంటుంది. అక్కడ బాధ వేరు. అదే సర్వేలో తెలంగాణ కాన్పులలో 60.7 శాతం ఆపరేషన్లు. ప్రైవేటులో చూస్తే 81.5. దేశం మొత్తం మీద చూస్తే 21.5 మాత్రమే. మన ఆడపిల్లల ఒళ్ళు దేశంలోని మిగతా ఆడపిల్లల ఒళ్ళకంటే వేరుగా ఉందా? ఆపరేషన్ అవసరమైన చోట అది ప్రాణదానం, అందుకు డాక్టర్లకు దువా చేయాలి. అవసరం లేని చోట అయితే బాలెంతకు నెలల తరబడి నడుము నొప్పి, తరువాతి కాన్పుకు చిక్కు, ఇంటివాళ్ళకు అప్పు. ఇందులో నేరమంతా డాక్టర్లదే అని మేము అనము. ముహూర్తాల పిచ్చి మనలో లేదని గొప్పలు చెప్పుకుంటాము. జుమ్మా రోజు పుట్టాలని, రంజాన్ లోపల పని ముగించాలని, అల్లుడు దుబాయి నుంచి వచ్చిన సెలవులు అయిపోక ముందే కావాలని డాక్టరును అడిగిన పెద్దమనుషులు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళవైపు మేము చూడము.

మంచి చెప్పకపోతే పాపం. ఒక సిస్టరమ్మ ఉండేది, మన భాష కాదు, మన మతం కాదు. "బస్, హోగయా బేటా, థోడా ఔర్" అన్న నాలుగు ముక్కలు ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ప్రతి ఉర్దూ పిల్లకూ అవే చెప్పేది. ఆ పిల్లలు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులై ఆ సిస్టరమ్మ పేరు తలచుకుంటారు. ఏం మందు ఇచ్చిందో వాళ్ళకు గుర్తు లేదు. ఆ నాలుగు ముక్కలు గుర్తున్నాయి. రాత్రిపూట ఒకే నర్సు అన్ని మంచాల మధ్యా పరుగెత్తుతూ ఉంటుంది, ఆమెకూ ఇంట్లో పిల్లలుంటారు, ఆమెకూ నిద్ర లేదు. దానికి సర్కారు నర్సులను పెంచాలి. అంతవరకు మన మనిషి ఒకరు పక్కన ఉంటే ఆ నర్సుకే సగం బరువు తగ్గుతుంది.

కాన్పు అయిన తరువాతి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పులు ఎక్కువగా మనవే. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలంటారు. 2019-21 సర్వే నాటికి దేశంలో ఆ భాగ్యం దక్కిన పిల్లలు 41.8 శాతమే. ఆసుపత్రి వాళ్ళు బిడ్డను పక్కగదిలో పెట్టటం ఒక కారణమైతే, మనవాళ్ళు మొదటిపాలు పిండి పారబోయించి ఘుట్టీ పట్టటం ఇంకొక కారణం. ఏడాది లోపు బిడ్డకు తేనె పట్టకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు, నానమ్మలు వినాలి. పచ్చి బాలెంత నీళ్ళు తాగకూడదనే పథ్యం ఒకటి ఉంది. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఆపటం ఏ హకీమూ చెప్పి ఉండడు. చిల్లా నలభై రోజులు విశ్రాంతి మంచిదే, మన పెద్దలు పెట్టిన చక్కని ఏర్పాటు. అచ్వానీ తాగించండి, ఒళ్ళు రుద్దించండి. కానీ చిల్లా పేరు చెప్పి జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోతున్నా, తల పగిలిపోతున్నదన్నా, కళ్ళు మసకలన్నా గదిలోనే ఉంచటం ప్రమాదం. కాన్పు తరువాతి రక్తస్రావమే తల్లుల ప్రాణాలు తీసే కారణాలలో మొదటిది. అటువంటప్పుడు చిల్లా చూడకూడదు, 108కు ఫోన్ చేయాలి.

మరొకటి కనపడని జబ్బు. మా బడిలో చదువుకునే ఒక పిల్ల వారం రోజులు రాలేదు. అడిగితే, అమ్మీ తమ్ముణ్ణి ఎత్తుకోవటం లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటుంది, నేనే పాలడబ్బా కలుపుతున్నాను అన్నది. ఆ పిల్లకు పదేళ్ళు. ఇంట్లోవాళ్ళు అసర్ అయిందని ఆమిల్ దగ్గరికి రెండుసార్లు తీసుకుపోయారు, తావీజు కట్టించారు. మా ఇంటావిడ పోయి పక్కన కూర్చుంటే ఆమె గంటసేపు ఏడ్చి, లేబర్ రూంలో జరిగింది చెప్పింది. తరువాత డాక్టరుకు చూపించారు, మందులు వాడింది, ఇప్పుడు బాగుంది. కాన్పు తరువాత ఇట్లా మనసు కుంగిపోవటం జబ్బేననీ, మందు ఉన్నదనీ తెలుసుకోండి. దువా చేయించండి, ఎవరు కాదన్నారు, డాక్టరుకు కూడా చూపించండి.

ఇప్పుడు అసలు విషయం. 2013లో ఒక డాక్టరమ్మ దయవల్ల మాకు దొరికింది 2016 ఫిబ్రవరి నుండి అందరికీ దొరకవలసినది అయింది. సర్కారు ఆసుపత్రులలో కాన్పు సమయంలో తల్లి పక్కన తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ నెలలో రాష్ట్రాలకు రాసింది. నియమాలు కొన్ని ఉన్నాయి. తోడు వచ్చేది ఆడమనిషి అయి ఉండాలి, తాను కాన్పు చూసిన మనిషైతే మంచిది, అంటురోగం ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, మొదటి నుండి చివరిదాకా ఉండాలి, డాక్టర్ల పనికి అడ్డు రాకూడదు, పక్క మంచం వాళ్ళ సంగతి చూడకూడదు. పూర్తి తెరలున్న చోట భర్తను కూడా రానివ్వవచ్చునన్నారు. 2017 డిసెంబరులో లక్ష్య అనే పథకం పెట్టి లేబర్ రూంలో తెర ఉండాలని, తల్లితో మర్యాదగా మాట్లాడాలని, తోడును ఉంచాలని లెక్కలలోకి ఎక్కించారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్పింది. ఆపరేషన్ భయం లేని తల్లి నొప్పులలో నీళ్ళు తాగవచ్చు, తినవచ్చు, నడవవచ్చు అని కూడా చెప్పింది. దేశదేశాలలో జరిగిన 26 పరిశీలనలను, 15 వేల మందికి పైగా తల్లులను కలిపి 2017లో చూసిన పండితులు, పక్కన విడవకుండా ఒక మనిషి ఉన్న తల్లులకు మామూలు కాన్పులు ఎక్కువగా అయ్యాయని, నొప్పుల సమయం తగ్గిందని తేల్చారు. మా ఆపాకు ఈ సంగతి చదివి వినిపిస్తే, దీనికి 26 పరిశీలనలు కావాలా అన్నది.

సూరె మర్యం చదివేవారందరికీ తెలుసు. హజ్రత్ మర్యం నొప్పులతో ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి చేరి, ఇంతకు ముందే పోయి ఉంటే బాగుండునని తలచినప్పుడు ఆమెకు మొదట అందినది ధైర్యపు మాట. తరువాత కాళ్ళ దగ్గర నీళ్ళు. తరువాత పండ్లు. ఈ వరుస మేము చిన్నప్పటి నుండి చదువుతూనే ఉన్నాము. 2009లో గేటు బయట కూర్చున్నప్పుడు మాకు గుర్తు రాలేదు.

ఇంకొకటి కూడా తెలియాలి. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో మామూలు కాన్పయినా ఆపరేషనయినా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనుకు ఏడు రోజులు భోజనం ఉచితం. రావటానికి, తిరిగి ఇంటికి పోవటానికి బండి ఉచితం. కనుక మిఠాయి డబ్బులు ఇవ్వవలసిన పని లేదు. మేము ఇచ్చిన ఐదు వందలు మా తరువాత వచ్చిన పేదవాడి మీద బరువైంది. ఇష్టపడి ఇచ్చామని మేము అనుకున్నాము, అది రేటు అయి కూర్చుంది.

తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫు చదువు మొదలుపెట్టారు. తల్లి పక్కన ఉండి, మామూలు కాన్పు చేయించటమే వాళ్ళ విద్య. మన ఆడపిల్లలు నర్సింగు చదివి ఆ పనిలోకి పోతే, ఉర్దూ మాట్లాడే మనిషి లేబర్ రూంలో ఒకరైనా ఉంటారు. ఇంటర్ చదివించి ఇంట్లో కూర్చోబెట్టిన తండ్రులు ఈ సంగతి ఆలోచించండి. చదువు మాట ఎత్తనని చెప్పి ఎత్తాము, అలవాటు.

ఉత్తర్వు ఉన్నది, మన ఆడవాళ్ళు మాత్రం ఇంకా లోపల ఒంటరిగానే ఉన్నారు. ఎందుకని మేము కార్డులు తెచ్చినవాళ్ళను అడిగాము. అటువంటి ఉత్తర్వు ఉన్నదని వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు తలుపు దగ్గర ఒకసారి వద్దనగానే వెనక్కి తిరిగారు. కొందరికి వెంట పోవటానికి మనిషి లేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, తల్లి వేరే ఊళ్ళో, ఆడపడుచుకు పెళ్ళి కాలేదు. తెలుగు రాదని భయపడి రానివాళ్ళూ ఉన్నారు. మగవాళ్ళు చేసేది ఏమిటంటే, ఏదైనా జరిగిన తరువాత పదిమందిని పోగుచేసి ఆసుపత్రి మీదికి పోయి గొడవ చేయటం. అద్దాలు పగలగొడితే మరుసటి రోజు కాన్పుకు వచ్చే తల్లికి ఏం మేలు? కొట్టబడిన డాక్టరు ఆ ఊరు వదిలి పోతుంది, అంతే.

కనుక కార్యవర్గానికి మా మనవి. సంఘం తరపున మన మొహల్లాలలో తోడు వెళ్ళగల ఆడవాళ్ళ పేర్లు రాసి ఉంచుదాము. కాన్పు చూసినవాళ్ళు, తెలుగు ఉర్దూ రెండూ వచ్చినవాళ్ళు, రాత్రి పిలిస్తే లేచి రాగలవాళ్ళు. ఆసుపత్రిలో బంధువునే రానిస్తామంటే ఏం చేయాలన్నది ముందుగానే సూపరింటెండెంటు గారితో మాట్లాడదాము. పెద్దలు నలుగురు పోయి, ఉత్తర్వు ప్రతి చేతిలో పెట్టుకుని, మర్యాదగా మాట్లాడితే వింటారు. ఒక కాగితం అచ్చు వేయిద్దాము. ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు. దాహంగా ఉంది, తల తిరుగుతున్నది, రక్తం పోతున్నది, నా బిడ్డను నాకు చూపండి, ఇది ఏం కాగితమో చదివి చెప్పండి. ఈ ఐదారు మాటలు చాలు. ఆ కాగితం రాసిపెట్టే పని మేము చేస్తాము, అచ్చు ఖర్చు సంఘం భరించాలి. భర్తలు సంతకం పెట్టేముందు కాగితంలో ఏమున్నదో భార్యకు చెప్పి, ఆమె సరేనన్న తరువాతే పెట్టాలి. గేటు బయట టీ కొట్టు దగ్గర ఎవరైనా కనపడితే, లోపల ఎవరున్నారని అడగండి.

పేర్లు రాసే పుస్తకం స్త్రీల వైపు తలుపు దగ్గర బల్ల మీద పెట్టించాము. కలం కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోకండి. మొదటి పేరు మా ఆపాది. రెండో పేరు మా ఇంటావిడది, ఆమే స్వయంగా రాసుకున్నది.